క్లయింట్ వేరే స్టేట్‌లో ఉంటే సెషన్ చేయొచ్చా? సైకాలజిస్టులకు టెంపరరీ పర్మిషన్ల సంగతి

నమస్తే అండీ. ఈ వీడియో అమెరికాలో లైసెన్స్ ఉన్న మన తెలుగు సైకాలజిస్టుల కోసం. మీరు డల్లాస్‌లో టెక్సస్ లైసెన్స్ మీద ప్రాక్టీస్ చేస్తున్నారు, మీ క్లయింట్ ఏమో కాలేజీ సెలవులని కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో అమ్మానాన్నల దగ్గరికి వెళ్లి, "మేడమ్, గురువారం జూమ్‌లో కలుద్దామా?" అని మెసేజ్ పెట్టాడు. వెంటనే సరే అనకండి. మీరు ఎక్కడున్నారన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, ఆ గంటసేపు క్లయింట్ ఎక్కడ కూర్చున్నాడో ఆ స్టేట్ రూల్ కూడా మీకు వర్తిస్తుంది.

చాలామంది "నాకు సైప్యాక్ట్ ఉందిగా" అంటారు. ఉంది, కానీ అందులో ఏది? సైప్యాక్ట్ అంటే స్టేట్ల మధ్య ఒప్పందం, 2020లో అమల్లోకి వచ్చింది, టెక్సస్ కూడా అందులో ఉంది. దాని కింద ఇచ్చే పర్మిషన్లు రెండు. ఆన్‌లైన్ సెషన్లకు ఏపీఐటీ, దానికి ముందు ఈ-పాస్‌పోర్ట్ (ప్రయాణాల పాస్‌పోర్ట్ కాదు, ఒక సర్టిఫికెట్) తీసుకోవాలి. స్వయంగా అవతలి స్టేట్‌కి వెళ్లి ఎదురెదురుగా చూడాలంటే ట్యాప్, దానికి ముందు ఐపీసీ (మన పీనల్ కోడ్ కాదులెండి, ఇదీ ఒక సర్టిఫికెట్). ట్యాప్ మీద ఒక్కో స్టేట్‌లో ఏడాదికి 30 రోజులే. ఒకటి తీసుకుని రెండో పని చేస్తే కుదరదు. ఇంకో మెలిక, ఏపీఐటీ వాడేటప్పుడు మీరు మీ హోమ్ స్టేట్‌లోనే, అంటే మీకు లైసెన్స్ ఉన్న స్టేట్‌లోనే ఉండాలి, అంటే ఓర్లాండో ట్రిప్‌లో హోటల్ రూమ్ నుంచి లాగిన్ అయిపోదాం అనుకుంటే కుదరదన్నమాట. మాస్టర్స్ స్థాయి లైసెన్స్ వాళ్లకు ఇవేవీ రావు, డాక్టరేట్ ఉండాల్సిందే.

మన ఫ్రీమాంట్ కుర్రాడికి ఇదంతా పనికిరాదు, ఎందుకంటే ఈ వీడియో చేసేటప్పటికి కాలిఫోర్నియా సైప్యాక్ట్‌లో లేదు, న్యూయార్క్ కూడా లేదు. అయితే కాలిఫోర్నియా చట్టంలోనే వేరే దారి ఉంది: బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్, సెక్షన్ 2912. ఇంకో స్టేట్‌లో డాక్టరేట్ స్థాయి లైసెన్స్ ఉన్న సైకాలజిస్టు క్యాలెండర్ ఏడాదికి 30 రోజులు మించకుండా అక్కడివాళ్లకు సేవలు అందించొచ్చు. ఈ 30 రోజులు మొత్తం కలిపి మీకు, ఒక్కో క్లయింట్‌కి విడిగా కాదు. ముగ్గురు క్లయింట్లను మూడు వేర్వేరు రోజుల్లో చూస్తే మూడు రోజులు అయిపోయినట్టే.

అందుకే, ఇదిగో స్క్రీన్ మీద చూడండి, నేను ఎక్సెల్‌లో స్టేట్‌కి ఒక షీట్ పెట్టుకుంటాను: తేదీ, క్లయింట్ ఇనిషియల్స్, ఏ పర్మిషన్ మీద చూశాను, ఇంకా ఎన్ని రోజులు మిగిలాయి. సెషన్ మొదలవగానే "ఇవాళ ఎక్కడున్నారు? అడ్రస్ ఒకసారి చెప్పండి" అని అడిగి నోట్స్‌లో రాస్తాను. కాస్త మొహమాటంగానే ఉంటుంది, కానీ ఎమర్జెన్సీ వస్తే అంబులెన్స్‌ని పంపడానికి కూడా ఆ అడ్రసే కావాలి.

క్లయింట్ సంక్రాంతికి హైదరాబాద్ వెళ్తే? సైప్యాక్ట్ అమెరికా దాటి పనిచేయదు. అక్కడ ఇండియా రూల్స్ ఏమిటో, మీ ఇన్సూరెన్స్ కవర్ చేస్తుందో లేదో విడిగా కనుక్కోవాలి, అందుకే టికెట్ బుక్ చేసినప్పుడే చెప్పమనండి.