ఇంకా చీకటి ఉండగానే

శ్రోతలందరికీ మన ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

కొన్నేళ్ల క్రితం మా సంఘంలో ఏ పనికైనా ముందు నేనే ఉండేదాన్ని. సండేస్కూలు, క్వయర్, బుధవారం గృహ కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన. జీవం సమృద్ధిగా కలగడానికి వచ్చానని యోహాను సువార్త 10వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాటకు అర్థం ఇదే అనుకునేదాన్ని. ఒక రాత్రి కూడిక నుంచి ఇంటికొచ్చి మంచం మీద కూర్చుంటే ఒక సంగతి తట్టింది. ఆ వారమంతా ప్రభువు గురించి ఎందరితోనో మాట్లాడాను. ఆయనతో మాత్రం మాట్లాడలేదు. మైకు ముందు చేసిన ప్రార్థనలే తప్ప నాకంటూ ఒక్క ప్రార్థన లేదు. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను.

తర్వాత మార్కు సువార్త మొదటి అధ్యాయం తెరిచాను. కపెర్నహూములో అది విశ్రాంతి దినం. సమాజమందిరంలో బోధ, అక్కణ్ణుంచి వస్తే సీమోను అత్తకు జ్వరం. పొద్దుగూకేసరికి ఊరు ఊరంతా రోగులను వెంటబెట్టుకుని ఆ ఇంటి వాకిట్లోనే. అంత అలసిపోయాక మనమైతే బారెడు పొద్దెక్కేదాకా లేవం. యేసు ప్రభువు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి, ఎవరూ లేని చోటికి వెళ్లి ప్రార్థన చేసుకుంటున్నారు. సీమోను వాళ్లు వెతుక్కుంటూ వచ్చి, అందరూ నీకోసం చూస్తున్నారన్నారు. ఆయన వెనక్కి రాలేదు. పక్క ఊళ్లకు వెళ్దాం పదండి, నేను వచ్చింది అందుకే అన్నారు. ఎటు వెళ్లాలో ఆ చీకట్లో తండ్రి దగ్గరే తేలిందని నా నమ్మకం.

‘చీకటితో లేచేది పిల్లల క్యారేజీలకే కదక్కా, మళ్లీ బస్సు టెన్షన్’ అని మీలో చాలామంది అనుకుంటూ ఉంటారు. మీకోసమే బ్రదర్ లారెన్స్ గురించి చెప్పాలి. యుద్ధంలో గాయపడి కుంటుతూ నడిచిన ఈ మాజీ సైనికుడు 1640లో పారిస్‌లోని కార్మెలైట్లనే క్యాథలిక్ సన్యాసుల మఠంలో చేరారు. అక్కడ ఆయనకిచ్చింది వంటపని. అదంటే ఆయనకు అసలు ఇష్టం లేదు. అయినా 15 ఏళ్లు చేశారు. పెనం మీద అట్టు తిరగేసినా దేవుని మీది ప్రేమతోనే తిరగేసేవారు. నలుగురూ నాలుగు వైపుల నుంచి కేకలేస్తున్నా, మోకాళ్ల మీద ఉన్నప్పటి నెమ్మదే ఆ వంటింట్లోనూ ఉండేది. అది ఒక్క రోజులో రాలేదు. మొదటి పదేళ్లూ లోలోపల ఎంతో నలిగిపోయారు. మనసు పక్కకు పోయిందని తెలిసినప్పుడల్లా ఒప్పుకుని, మళ్లీ ప్రభువు వైపు తిరిగేవారు. నాకు ధైర్యమిచ్చింది ఆ మాటే.

ఇప్పుడు ఐదింటికి స్టవ్ మీద ఎసరు పెడతాను. అది కాగేలోపు ఒక్క కీర్తన. బియ్యం కడుగుతూ ఇంట్లోవాళ్ల పేర్లు ఒక్కొక్కటే ఆయనకు చెబుతాను. నాతో మాటలు లేని మా తోడికోడలి పేరు కూడా. మొదట్లో ఆ పేరు దగ్గర గొంతు పెగిలేది కాదు. పోయిన నెలలో నేనే ఫోన్ చేసి, ఆవకాయలో ఆవపిండి ఎంత వేయాలో అడిగాను. అరగంట మాట్లాడుకున్నాం.