పాలు తేటపడే లెక్క

సభకు నమస్కారం. రొయ్యల చెరువు గట్ల మీద పెరిగిన మీకు సున్నం సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. రాత్రంతా చెరువులోని జీవులు వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల తెల్లవారేసరికి నీటి పీహెచ్ తగ్గుతుందనీ తెలుసు. నేడు నేను చెప్పబోయేది సున్నానికి దగ్గరి చుట్టమైన మెగ్నీషియం హైడ్రాక్సైడ్ గురించి. మందుల షాపులో మిల్క్ ఆఫ్ మెగ్నీషియాగా దొరికేది ఇదే.

సున్నపుతేటలోకి ఊపిరి ఊదితే అది పాలలా మారుతుందని బడిలో చూశారు. కార్బన్ డయాక్సైడ్‌ను చాలినంత పంపితే పలుచని మెగ్నీషియా పాలు అందుకు భిన్నంగా తేటపడతాయి. లీటరు నీటిలో సున్నం గ్రాముకు పైగా కరిగితే, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ పది మిల్లీగ్రాములకు అటూఇటూగా మాత్రమే కరుగుతుంది. ఆ తెలుపంతా కరగని రేణువులదే. కరిగిన కొద్దిపాటి హైడ్రాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్ వాడుకున్న కొద్దీ, గాదెలోంచి గింజలు జారినట్లు, రేణువుల నుంచి మరికొంత కరుగుతూ వస్తుంది. ఒకేసారి కరిగేది ఇంత తక్కువ కాబట్టే దాని సంతృప్త ద్రావణపు పీహెచ్ 10.5 దగ్గరే ఆగుతుంది, సున్నానిది 12 దాటుతుంది. నా దృష్టిలో ఈ పిసినారితనమే దాని గొప్ప గుణం.

తేటపడిన నీటిలో ఉన్నది మెగ్నీషియం బైకార్బొనేట్. 58 గ్రాముల హైడ్రాక్సైడ్ 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుందన్నమాట. ఆ నీటిని గాలికి వదిలేస్తే పట్టుకున్న వాయువులో సగం తిరిగి వెళ్ళిపోయి, మూడు నీటి అణువులతో కూడిన కార్బొనేట్ స్ఫటికాలు దిగుతాయి. నీరు లేని కార్బొనేట్ ఖనిజమైన మాగ్నసైట్ మాత్రం మామూలు వేడిలో అంత సులువుగా ఏర్పడదు. మెగ్నీషియం అయాను తన చుట్టూ ఉన్న ఆరు నీటి అణువులను ఓ పట్టాన వదలదు. పొడి హైడ్రాక్సైడ్ కూడా తేమ లేకపోతే ఈ వాయువును దాదాపు పట్టించుకోదు. మన తీరపు ఉక్కలో మూత తీసిన పొడికి ఆ కొరత ఉండదనుకోండి!

ఇక ముడిసరుకు. ఉప్పాడ దగ్గర ఎదురుగా కనిపించే సముద్రంలో లీటరుకు సుమారు 1.3 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది. అందులో సున్నం కలిపితే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అవక్షేపంగా దిగుతుంది. కానీ ఆ సున్నం కోసం గుల్లలను బట్టీలో కాల్చినప్పుడే, ఒక్కో హైడ్రాక్సైడ్ అణువుకు ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు గాలిలోకి పోయింది. మనం తయారుచేసినది కార్బొనేట్‌గా మిగిలితే ఆ అప్పు తీరుతుందంతే; బైకార్బొనేట్‌గా నీటిలో నిలిచినప్పుడే ఒక అణువు మిగులు, అందులోంచి బట్టీలో కాలిన బొగ్గు వాటా కూడా తీసెయ్యాలి.