పీడీఎఫ్‌ను ఈ-బుక్ అనొచ్చా?

(హనుమకొండ స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం)

యాంకర్: 1904లోనే రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం వెలిసిన ఊరు మనది. ఇక్కడ కూర్చుని అచ్చు పుస్తకమా, ఈ-బుక్కా అని మాట్లాడుకుంటున్నాం. సార్, మీతోనే మొదలుపెడదాం.

రిటైర్డ్ లెక్చరర్: కాగితం వాసన గురించి మాత్రం అడక్కమ్మా, విని విని అందరికీ విసుగొచ్చింది. 2023 జులై వానల సంగతి చెప్తా. మా ఇంట్లోకి నీళ్లొచ్చి బీరువా కింది రెండు అరలూ మునిగాయి. పేజీల మధ్య పాత పేపర్లు పెట్టి, ఫ్యాన్ కింద వారం రోజులు ఆరబెట్టాను. నాసిరకం కాగితం ఉబ్బింది కానీ బతికింది. నున్నటి ఆర్ట్ పేపర్ మీద వేసిన ఖరీదైనవి ఇటుకల్లా అతుక్కుపోయాయి. అలా పోయిన వాటిలో ఒకటి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో దొరికింది, ఎవరో పుణ్యాత్ములు స్కాన్ చేసి పెట్టారు. అప్పటి నుంచి ఈ-పుస్తకాన్ని తిట్టడం మానేశా.

యాంకర్: పార్టీ మారారన్నమాట!

లెక్చరర్: లేదు. స్కాన్ చేయాలన్నా ఎవరింట్లోనో ఆ కాగితం మిగిలుండాలి కదా.

(అందరూ నవ్వారు, డీటీపీ ఆపరేటర్ తప్ప.)

గ్రూప్స్ అభ్యర్థిని: హాస్టల్‌లో నాకున్నది ఒక మంచం, ఒక ట్రంకు పెట్టె. పుస్తకాలన్నీ కొంటే మెస్ బిల్లుకు ఉండదు. అందుకే ఫోన్‌లో పీడీఎఫ్‌లు.

యాంకర్: అందులో సగం పైరసీ కదమ్మా?

అభ్యర్థిని: తెలుసక్కా, కాదనను. కానీ రివిజన్ మాత్రం ఫోన్‌లో అవట్లేదు. ముఖ్యమైనవి జిరాక్స్ తీయించుకుంటా.

డీటీపీ ఆపరేటర్: మధ్యలో వస్తున్నా మేడమ్. మనం ఇంతసేపూ మాట్లాడింది ఈ-బుక్ గురించి కాదు. స్కాన్ చేసిన పీడీఎఫ్ అంటే పేజీ ఫొటో. అక్షరం పెద్దది చేస్తే లైను స్క్రీన్ దాటిపోతుంది, వేలితో అటూ ఇటూ లాగాలి. అసలు ఈ-బుక్‌లో అక్షరం పెంచితే లైను దానంతటదే సర్దుకుంటుంది.

యాంకర్: మరి తెలుగులో అలా ఎందుకు చేయరు?

ఆపరేటర్: పేజీలు అమర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ఇరవై ఏళ్లు 'అను' అనే తెలుగు ఫాంట్లతో కొట్టినవాణ్ని. అది ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగును తెలుగుగానే గుర్తించే యూనికోడ్ పద్ధతి కాదు. లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూనే, ఫాంటు వాటికి తెలుగు ముసుగు వేస్తుంది. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అంతా పిచ్చిగీతలు. మొన్న ఒక రచయిత పెన్‌డ్రైవ్ తెచ్చి "తమ్మీ, నా కథలు ఈ-బుక్ చేసిపెట్టు" అన్నారు. కన్వర్టర్‌లో వేస్తే చాలావరకు మారింది గానీ, వత్తుల దగ్గర చెడింది. ఒక పేజీలో వత్తు ఎగిరిపోతుంది, ఇంకో పేజీలో పక్క అక్షరానికి అంటుకుంటుంది. మొదటి నుంచి మళ్లీ ప్రూఫులు చూడాలి. దానికి డబ్బులెవరిస్తారు? ఆ పెన్‌డ్రైవ్ ఇంకా నా టేబుల్ సొరుగులోనే ఉంది.

యాంకర్: అమెజాన్ వాళ్ల ఈ-బుక్ రీడర్ కిండిల్‌లో పెట్టొచ్చుగా?

ఆపరేటర్: 2016లో వాళ్లు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం తెచ్చారు. తెలుగును వదిలేశారు. అప్పటికే కినిగె లాంటి తెలుగు ఈ-పుస్తకాల సైట్లను మనవాళ్లే నడుపుకుంటున్నారు.

లెక్చరర్: ఆ కిండిల్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. 2009లో హక్కుల గొడవ వచ్చిందని, జనం కొనుక్కున్న పుస్తకాలను వాళ్ల కిండిళ్లలోంచే అమెజాన్ తీసేసింది. డబ్బు వాపసిచ్చిందిలే. నా బీరువా తాళం మాత్రం నా దగ్గరే ఉంది.

అభ్యర్థిని: సార్, ఆ స్కాన్ పుస్తకం ఫోన్‌లోనే చదివారా?

లెక్చరర్: నాకు శుక్లాల ఆపరేషన్ అయింది బిడ్డా. ఈ తమ్ముడు చెప్పినట్టే, ఒక్కో లైనుకు మూడుసార్లు జరపాలి. మనవడితో ప్రింటు తీయించి స్పైరల్ బైండింగ్ వేయించా. ఈసారి పై అరలో పెట్టా.