సముద్రం వైపు తిరిగి నిలబడ్డవాళ్లు

శ్రోతలకు నమస్కారం. సామాజిక మాధ్యమాలు ప్రభుత్వాలను మారుస్తాయా? నాకున్నది మూడు నిమిషాలు. సిద్ధాంతాలు పక్కన పెట్టి ఒక్క సాయంత్రం గురించి చెబుతాను.

ఈజిప్టులో అలెగ్జాండ్రియా నగరం. 2010 జూన్ 6న ఖాలిద్ సయీద్ అనే 28 ఏళ్ల యువకుణ్ణి ఇద్దరు పోలీసులు ఇంటర్నెట్ కేఫ్‌లో పట్టుకుని కొట్టి చంపారు. మత్తుమందు పొట్లం మింగి చనిపోయాడని పోలీసులు చెప్పారు. మార్చురీలో తీసిన ఆ ముఖం ఫోటో బయటికి వచ్చాక ఆ మాట ఎవరు నమ్ముతారు? దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్న వాయెల్ గోనిమ్, తన పేరు బయటపెట్టకుండా, ‘మనమందరం ఖాలిద్ సయీద్‌లమే’ అని ఫేస్‌బుక్‌లో ఒక పేజీ తెరిచాడు.

సరే, కోపం ఉంది. ఏం చేయాలి? 1981 నుంచి అత్యవసర చట్టం. గుంపు కడితే నేరం. అప్పుడు పేజీలో ఒక సభ్యుడు ఉపాయం చెప్పాడు. నల్ల బట్టలు వేసుకుని రండి. గుంపుగా వద్దు, మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉండాలి. వీధికి వీపు పెట్టండి, సముద్రం వైపు తిరగండి. నినాదాలు వద్దు. ఖురాన్ చదువుకోండి, బైబిల్ చదువుకోండి, లేదా ఊరికే నిలబడండి. గంట కాగానే ఇంటికి వెళ్లిపోండి.

అలాగే నిలబడ్డారు. మౌనాన్ని రేడియోలో వినిపించడం నా వల్ల కాదు. మీరే ఊహించుకోండి: కెరటాల చప్పుడు, ఒడ్డు పొడవునా ఎడం ఎడంగా నల్లని మనుషులు. ఏ నేరం మోపి పట్టుకోవాలి వాళ్లను?

ఇంట్లో కూర్చుని ఒంటరిగా మండిపడుతున్నవాడికి, పక్కవీధిలో ఇంకొకడు మండిపడుతున్నాడని ఆ రోజు తెలిసింది. ఆ పేజీ చేసిన అసలు పని ఇదేనని నాకనిపిస్తుంది.

2011 జనవరి 25న ప్రభుత్వానికి వ్యతిరేకంగా వీధుల్లోకి రమ్మని పిలిచింది కూడా ఆ పేజీయే. మూడు రోజులకు ప్రభుత్వం ఇంటర్నెట్ ఆపేసినా జనం వెనక్కి పోలేదు. దాదాపు 30 ఏళ్లు ఏలిన అధ్యక్షుడు ముబారక్ ఫిబ్రవరి 11న దిగిపోయాడు. అక్కడితో కథ ఆగితే బాగుండేది. 2013లో అధికారం మళ్లీ సైన్యం చేతికి వెళ్లింది. సమాజానికి విముక్తి కావాలంటే ఇంటర్నెట్ ఒక్కటి చాలని తాను అన్న మాట తప్పని, 2015లో గోనిమే ఒప్పుకున్నాడు. వదంతులు, తిట్లు అందులోనే పెరిగాయన్నాడు.

నాకు మాత్రం ఆ సముద్రపు ఒడ్డే గుర్తుంటుంది. ఏ రోజు, ఎక్కడ, ఎంతసేపు, ఏ రంగు బట్టలు, అన్నీ ముందే అనుకున్నారు. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో మంచినీళ్ల పైపు గురించి వందల సందేశాలు వచ్చాయి. అడగడానికి నీళ్ల ఆఫీసుకు వెళ్లింది ఇద్దరం. తర్వాతి నెల ఒకాయన ఒకే ఒక్క ముక్క రాశాడు: ‘మంగళవారం పదింటికి, ట్యాంకు దగ్గర.’ 18 మందిమి పోగయ్యాం. పైపు ఇంకా వేయలేదు గానీ, ఆఫీసువాళ్లు కొలతలు తీసుకుని వెళ్లారు.