సెన్సార్‌షిప్ ఎవరిని కాపాడుతోంది?

[తెర మీద: రాత్రివేళ ఢిల్లీ వీధి, ఆగిపోయిన అచ్చుయంత్రాలు]

1975 జూన్ 25 రాత్రి. ఢిల్లీలోని బహదూర్ షా జఫర్ మార్గ్‌లో పెద్ద దినపత్రికల ఆఫీసులు వరసగా ఉంటాయి. ఆ రాత్రి అక్కడ కరెంటు తీసేశారు. ఎమర్జెన్సీ పెట్టిన సంగతి తెల్లారి జనం పేపర్లో చదవకూడదని.

నమస్కారం. సెన్సార్‌షిప్ గురించి మాట్లాడాలంటే ఆ రాత్రితోనే మొదలుపెట్టాలి. అలాగని ప్రతి ఆంక్షా తప్పేనని నేను అనను.

[తెర మీద: 2019, హైదరాబాద్]

హైదరాబాద్ శివార్లలో ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. అలాంటి బాధితుల పేరు బయటపెట్టడం చట్టరీత్యా నేరం. అయినా ఆమె పేరు, ఫోటో ఫోన్లలో చుట్టేశాయి. చివరికి ‘దిశ’ అని పిలవమని పోలీసులే కోరాల్సి వచ్చింది. 2008 ముంబై దాడులప్పుడు భద్రతా దళాల కదలికల్ని టీవీలు లైవ్‌లో చూపించాయి. దాన్ని 2012లో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది. ఇలాంటిచోట అడ్డుకట్ట ఉండి తీరాలి. ఏది చూపకూడదో, ఎవరి కోసమో అందరికీ తెలుస్తుంది. కాదనిపిస్తే కోర్టుకు వెళ్లొచ్చు.

ఎమర్జెన్సీలో కాపాడింది ప్రభుత్వాన్ని. వార్తను అచ్చుకు ముందే అధికారులకు చూపించాలన్నారు. జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం జాగాను ఖాళీగా వదిలి నిరసన తెలిపింది. పార్లమెంటులో జరిగినదాన్ని కేసుల భయం లేకుండా ప్రచురించుకునేలా 1956లో ఎంపీ ఫిరోజ్ గాంధీ ఒక చట్టం తెచ్చారు. 1976లో దాన్ని రద్దు చేసింది ఆయన భార్య ఇందిరా గాంధీ ప్రభుత్వమే!

[తెర మీద: తుర్క్‌మాన్ గేట్]

ఇది పాత ఢిల్లీలోని తుర్క్‌మాన్ గేట్. 1976 ఏప్రిల్‌లో ఇక్కడ ఇళ్లు కూల్చారు, ఎదురుతిరిగిన జనంపై కాల్పులు జరిపారు. 1976–77లో దేశమంతటా 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఉత్తరాదిలో ఎంతోమందిని బలవంతంగా పట్టుకెళ్లి చేశారు. వీటి మీద పత్రికల్ని స్వేచ్ఛగా రాయనివ్వలేదు.

[తెర మీద: 1977 ఎన్నికల పటం]

1977 మార్చి లోక్‌సభ ఫలితాలు చూడండి. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో కాంగ్రెస్‌కు ఒక్క సీటూ రాలేదు. రాయ్‌బరేలీలో ఇందిరే ఓడిపోయారు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో? 42లో 41 కాంగ్రెస్‌వే. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా పార్టీ తరఫున గెలిచారు.

దీనికి కారణాలు చాలా ఉన్నాయి. బలవంతపు ఆపరేషన్ల బాధ ఇక్కడ అంతగా లేదన్నది నిజం. కానీ వార్తలు అందకపోవడం కూడా ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతాను. బాధ పడ్డవాళ్లకు పేపరు చెప్పక్కర్లేదు, వాళ్లకు తెలుసు. సెన్సార్ కళ్లకు గంతలు కట్టింది దూరాన ఉన్న మనకు. ఉత్తరాదివాళ్ల గోడు తెలియకుండానే మనం ఓటేశాం. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే.

తర్వాత వచ్చిన ప్రభుత్వం ఫిరోజ్ గాంధీ చట్టాన్ని తిరిగి తెచ్చింది. 44వ సవరణతో ఆ రక్షణను 361ఏ అధికరణగా రాజ్యాంగంలోనే చేర్చింది. ఇప్పుడు దాన్ని తీసేయాలంటే మామూలు చట్టం చాలదు.

మీ ఇంట్లో ఆ రోజులు చూసిన పెద్దవాళ్లుంటే ఒకమాట అడగండి: తుర్క్‌మాన్ గేట్ సంగతి వాళ్లకు ఎప్పుడు తెలిసింది, ఎవరు చెప్పగా తెలిసింది?