కుబుసం విడిచే పాముకి తేమ: మీటర్, ఫాగర్, నాచు డబ్బా రివ్యూ (నెల్లూరు ఎండల్లో)

అందరికీ నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. ముందు కెమెరాని పాము ఉండే అద్దాల ట్యాంక్ దగ్గరికి తీసుకెళ్తాను, చూడండి. ఇది మా బాల్ పైథాన్. దీని కళ్లు మామూలుగా నల్లగా మెరుస్తుంటాయి. ఇప్పుడు మసకగా, నీలంగా ఉన్నాయి కదా? ఒంటి మీద రంగు కూడా తగ్గింది, పొట్ట కింద లేత గులాబీ రంగు వచ్చింది. కుబుసం విడవబోతోందన్నమాట. పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య ద్రవం చేరుతుంది, అందుకే కళ్లు అలా అవుతాయి. కొన్ని రోజులకి కళ్లు మళ్లీ తేటపడతాయి. చాలామంది అక్కడితో అయిపోయిందనుకుని తేమ పట్టించుకోవడం మానేస్తారు. అసలు కుబుసం ఊడేది ఆ తర్వాతే! కుబుసం ఒకే ముక్కగా ఊడాలంటే గాలిలో తేమ కావాలి, అందుకే కళ్లు మసకబారిన దగ్గర్నుంచి చర్మం ఊడేదాకా తేమ తగ్గనివ్వకండి.

రివ్యూలోకి వెళ్లే ముందు ఒక్క మాట. మన జెర్రిపోతు, నాగుపాము, కొండచిలువ లాంటివాటిని పట్టుకుని పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ విదేశీ జాతి, పశ్చిమ ఆఫ్రికాది. దీన్ని కూడా కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్లో రిజిస్టర్ చేయించాలి, 2024లో రూల్స్ వచ్చాయి. కాగితాలు లేకుండా అమ్మేవాళ్ల దగ్గర కొనకండి, దయచేసి.

బాల్ పైథాన్‌కి మామూలు రోజుల్లో తేమ 55 నుంచి 65 శాతం మధ్య ఉంటే బాగుంటుంది, కుబుసం టైంలో 70 దాకా తీసుకెళ్లాలి. సముద్రం దగ్గర్లోనే ఉందిగా, మనకి తేమకేం తక్కువ అనుకుంటాం. కానీ రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. పడమటి గాలి తోలే మధ్యాహ్నం మా గదిలో తేమ 35 దాటదు. సాయంత్రం సముద్రం ఉన్న మైపాడు వైపు నుంచి గాలి తిరిగితే మళ్లీ పెరుగుతుంది. ఏసీ వేస్తే ఆ కాస్తా పోతుంది. పైగా ట్యాంక్‌లో హీట్ బల్బు ఉంటుంది. గాలిలో నీరు అంతే ఉన్నా, వేడి పెరిగే కొద్దీ తేమ శాతం పడిపోతుంది. అందుకని బల్బు కింద ఒక రీడింగ్, చల్లటి వైపు ఇంకో రీడింగ్ వస్తాయి. తేమ కొలిచే మీటర్ సెన్సర్‌ని చల్లటి వైపు, పాము పడుకునే ఎత్తులో పెట్టండి. పైన అద్దానికి అతికిస్తే అది చూపించే అంకె పాముకి సంబంధం లేనిది.

ఇక మీటర్లు. ముల్లు తిరిగే గుండ్రటి మీటర్‌ని నేను అస్సలు సిఫారసు చేయను. వైరు, సెన్సర్ ఉన్న డిజిటల్‌ది కొనండి, మూడు నాలుగు వందల్లో దొరుకుతుంది. దాన్ని కూడా పరీక్షించకుండా నమ్మొద్దు. ఇదిగో, చూడండి. సీసా మూతలో ఉప్పు పోశాను. ఇప్పుడు నీళ్లు చుక్కలు చుక్కలుగా వేస్తున్నాను. ఉప్పు తడిసి ముద్ద కావాలి కానీ కరిగిపోకూడదు. మూతనీ మీటర్‌నీ కలిపి ఒక జిప్ కవర్లో పెట్టి, గాలి పోకుండా మూసి రాత్రంతా వదిలేయండి. తడి ఉప్పు మూసిన చోట తేమని 75 దగ్గర నిలబెడుతుంది. పొద్దున మీ మీటర్ 69 చూపిస్తే, ఎప్పుడూ ఆరు తక్కువ చూపిస్తోందని రాసుకుని కలుపుకోండి. ఇరవై తేడా ఉంటే వెనక్కి ఇచ్చేయండి.

ఫాగర్, అంటే నీళ్లని పొగమంచులా చిమ్మే యంత్రం గురించి అడిగేవాళ్లు చాలామంది. వీడియోలో పొగమంచు భలే కనిపిస్తుంది, నిజమే. కానీ మన బోరు నీళ్లు పోస్తే లోపల తెల్లటి పొర కట్టేస్తుంది, అద్దాల మీద తెల్లపొడి పేరుకుంటుంది. నీళ్లు రోజూ మార్చకపోతే సూక్ష్మజీవులు కూడా ఆ మంచుతో పాటే లోపలికి వెళ్తాయి. గాలి ఆడని ట్యాంక్‌లో అడుగంతా తడిసి ముద్దయితే పొట్ట పొలుసుల మీద బొబ్బలు వస్తాయి, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వస్తుంది. పాము నోటి దగ్గర బుడగలు, ఊపిరి తీస్తుంటే ఈల శబ్దం వచ్చాయంటే అదే. కరెంటు పోతే ఫాగర్ ఆగిపోతుంది కూడా. అందుకే నేను వద్దంటాను.

నేను గట్టిగా చెప్పేది నాచు డబ్బా గురించి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, పక్కన పాము నడుము లావుకంటే కొంచెం పెద్ద కన్నం, అంచులు గీరుకోకుండా గరుకు కాగితంతో రుద్దాలి. లోపల స్ఫాగ్నం మాస్ అనే నాచు, ఆర్కిడ్ మొక్కలకి వాడేదే. అది దొరక్కపోతే కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు. నీళ్లలో నానబెట్టి ఇలా పిడికిట్లో పిండాలి. గట్టిగా పిండినా చుక్క రాలకూడదు, చెయ్యి మాత్రం చెమ్మగా ఉండాలి. డబ్బాని ట్యాంక్ మధ్యలో, వెచ్చటి వైపుకి దగ్గరగా పెట్టండి. ట్యాంకంతా తడపాల్సిన పని లేదు. తేమ కావాలంటే పాము తనే లోపలికి వెళ్తుంది, చాలనుకుంటే బయటికి వస్తుంది. ఈ వీలు ఫాగర్‌తో ఉండదు. నాచు వాసన వస్తే వెంటనే మార్చండి, కుబుసం అయ్యాక డబ్బా తీసేయండి. జాలీ మూత ఉన్న ట్యాంక్ అయితే వేసవిలో మూతలో చాలా భాగం కప్పి, కొంచెం గాలికి వదలండి. బల్బు ఉన్న వైపు మాత్రం కప్పకండి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి ఈశాన్య రుతుపవనాల వానలు. అప్పుడు అంతా తలకిందులు. తుపాను రోజుల్లో గదిలోనే 85, 90 ఉంటుంది. నాచు డబ్బా అక్కర్లేదు, ట్యాంక్ అడుగున పరిచినదాన్ని పొడిగా ఉంచి గాలి ఆడనివ్వండి.

కళ్లు మసకగా ఉన్నన్నాళ్లూ పాముని చేత్తో తీయకండి, దానికి సరిగ్గా కనిపించదు, భయపడుతుంది. తిండి పెట్టినా చాలావరకు ముట్టదు, బలవంతం చేయొద్దు.

కుబుసం వచ్చాక పారేయకండి. సాక్సు తిరగేసి విప్పినట్టు ముక్కు దగ్గర మొదలై తోకదాకా ఒకే ముక్కగా రావాలి. ఇలా నీళ్లలో వేసి పరచండి. తల దగ్గర చూడండి, రెండు గుండ్రటి పారదర్శక పొరలు ఉన్నాయి, అవి కంటి పొలుసులు. రెండూ ఉండాలి. తర్వాత తోక చివర. అక్కడ పాత చర్మం ఉంగరంలా బిగిసి ఉండిపోతే రక్తం ఆడక తోక కొస చచ్చిపోతుంది. ముక్కలు ఒంటికి అంటుకుని ఉంటే, సుమారు 29 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లు లోతు తక్కువగా పోసి, పక్కనే ఉండి, అరగంట దాకా ఉంచండి. తర్వాత తడి తువ్వాలు మధ్యలో నుంచి దాన్నే పాకనివ్వండి, మీరు గోకి పీకకండి. కంటి పొర మిగిలిపోతే పట్టకారు ముట్టొద్దు. తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికో, పాముల్ని చూసే డాక్టర్‌కో ముందుగా ఫోన్ చేసి, చూస్తారని చెప్తేనే తీసుకెళ్లండి.