ఆ సెట్టు కోసం మన పాటలు పారేసుకోవద్దు

అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, ముందు వరసలో కూర్చున్న విద్వాంసులకు, వెనక నిలబడి వింటున్న సంగీత కళాశాల పిల్లలకు నమస్కారం. మన విజయనగరంలో సంగీతం గురించి మాట్లాడమంటే ఎవరికైనా కాస్త బెదురుగానే ఉంటుంది. హరికథలకి పేరుమోసిన ఆదిభట్ల నారాయణదాసు గారు, వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు తిరిగిన ఊరు ఇది. పాటలు వినడానికి ఈ గదికి ఇంత ఖరీదైన ఆడియో సెట్టు కొనిచ్చిన దాత తన పేరు చెప్పొద్దన్నారు. ఆయనకి ప్రత్యేకంగా నమస్కారం.

నాకిచ్చిన విషయం 'మంచి శబ్దం అంటే ఏమిటి'. అది చెబుతాను. కానీ ముందు నా మిత్రుడి సంగతి చెప్పాలి. చాలాకాలంగా మనసులో ఉండిపోయింది.

ఆయన రిటైరయ్యాక వచ్చిన డబ్బులో పెద్ద భాగం పెట్టి ఒక సెట్టు కొనాలనుకున్నాడు. చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక. హైదరాబాద్‌లో ఒక షోరూమ్‌కి ఇద్దరం వెళ్లాం. కింద మందంగా కార్పెట్, గోడలకి ప్యానెళ్లు, నిశ్శబ్దంగా పనిచేసే ఏసీ. ఎవరో విదేశీ గాయని గిటారు మీద మెల్లగా పాడిన పాట వినిపించారు. ఆవిడ మన ఎదురుగా కుర్చీలో కూర్చుని పాడుతున్నట్టే ఉంది, కాదనను. తర్వాత మావాడు తన పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. అందులో ద్వారం వారి పాత గ్రామఫోన్ ప్లేటు నుంచి ఎక్కించినది ఒకటి ఉంది. అర నిమిషం కూడా కాకుండానే షోరూమ్ అబ్బాయి ఆపేసి, "సార్, ఇది రికార్డింగే బాగాలేదు. మా సిస్టమ్ చాలా నిజాయితీగా ఉంటుంది, లోపాలన్నీ చూపించేస్తుంది" అన్నాడు.

నాకు అప్పుడు కలిగిన బాధ ఇవాళ్టికీ తగ్గలేదు. లోపాలు చూపించే యంత్రం ఆ ప్లేటులో ఉన్న వయొలిన్ కమాను బిగువును ఎందుకు చూపించలేదు? డెబ్బై ఎనిమిది ఆర్‌పీఎం ప్లేటు, అంటే నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరిగేది, ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త అటూఇటుగా ఆడుతుంది. ఆ కాస్త వ్యవధిలో రాగం మొత్తం కళ్లకి కట్టించారు ఆనాటి విద్వాంసులు. దాన్ని చివరిదాకా వినే ఓపిక లేని చోట సంగీతానికి పనికొచ్చే సామాను దొరుకుతుందా? మీరు చెప్పండి.

మావాడు కొన్నాడు. కారు ధర అయింది. వాళ్ల హాలు పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు. కింద నున్నటి టైల్స్, రెండు వైపులా పెద్ద గాజు కిటికీలు. సెట్టు బిగించి కచేరీ పెడితే మృదంగం తొప్పి మీద, అంటే ఎడమవైపు, దెబ్బ పడ్డప్పుడల్లా గది గుంయ్‌మంది. పైస్థాయిలో వయొలిన్ చెవిలో గుచ్చుకుంది. గంటసేపు వింటే తలనొప్పి.

ఎందుకలా అవుతుందో చెప్తాను, విద్యార్థులు జాగ్రత్తగా వినండి. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. పన్నెండడుగుల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య అది అటూ ఇటూ కొట్టుకుంటే, దాదాపు 47 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 47 సార్లు ఊగే శబ్దం దగ్గర, గది తనంతట తాను మోగుతుంది. తర్వాత 94 దగ్గర, ఆ తర్వాత 141 దగ్గర. పొడవూ వెడల్పూ ఒకటే అయితే రెండు జతల గోడలూ ఒకే చోట మోగుతాయి కాబట్టి ఆ మోత మరీ ఎక్కువ. ఒకటిన్నర శ్రుతిలో పాడే గాయకుడి షడ్జం, అంటే 'స', సుమారు 139 హెర్ట్జ్, ఆ 141కి పక్కనే. ఆయన షడ్జం పట్టుకున్నప్పుడల్లా గది కూడా పట్టుకుంటుంది! ఈ రోగానికి ఏ ఆంప్లిఫయరూ మందు కాదు.

అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే కేబుల్ మార్చమన్నారు. మార్చాడు. కరెంటుని శుభ్రం చేసే పెట్టె పెట్టుకోమన్నారు. అదీ పెట్టాడు. ఒక్కరంటే ఒక్కరు కూడా కింద తివాచీ పరవమని, కిటికీలకి మందపాటి కర్టెన్లు వేయమని, గోడకి ఆనించిన స్పీకర్లని రెండడుగులు ముందుకి జరపమని చెప్పలేదు. వాటిలో వాళ్లకి లాభం లేదు.

ఇప్పుడు నాకోసం మీరందరూ ఒక్క చప్పట కొట్టండి. ఒక్కటే. ... విన్నారా? మీ చేతులు ఆగాక కూడా పైన జింగుమంటూ ఒక తోక మిగిలింది. ఇంతమంది మనుషులు, బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటుంటేనే అంత ఉంది. రేపు సాయంత్రం నలుగురే వచ్చి కూర్చుంటే ఇంకా పెరుగుతుంది. కార్యదర్శి గారూ, దాత గారు ఇచ్చినదానికి న్యాయం జరగాలంటే బీరువాల్లో ఉన్న పుస్తకాలు తెచ్చి ఆ వెనక గోడ నిండా తెరిచిన అరల్లో సర్దించండి. కర్టెన్లు వేయించండి. పల్చటి ఫోమ్ అట్టలు కొనొద్దు, వాటితో కింది స్థాయి మోత తగ్గదు. సెట్టుకి ఇంకేమీ కలపకముందే ఈ పని జరగాలి.

ఖరీదు కళ్లకి కనబడితే చెవి మాట మారుతుంది. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే పరీక్షించారు. స్పీకర్లు కనబడేలా పెట్టి ఒకసారి, తెర వెనక దాచి ఒకసారి వినిపిస్తే, అవే మనుషులు అవే స్పీకర్లకి వేరే మార్కులు వేశారు. అమెరికాలో 2022లో ఇంకోటి జరిగింది. మొబైల్ ఫిడెలిటీ అనే సంస్థ పాత మాస్టర్ టేపుల నుంచి, అంటే అసలు రికార్డింగు టేపుల నుంచి, చేసే రికార్డులని అభిమానులు ఎక్కువ ధర పెట్టి కొనేవారు. ఎక్కడా డిజిటల్ తగలని శబ్దం అని వాటికి పేరు. చాలా రికార్డుల్లో మధ్యలో డిజిటల్ కాపీ ఉందని ఆ ఏడాది బయటపడింది. లక్షల ఖరీదు చేసే సెట్ల మీద వాటిని ఏళ్ల తరబడి విని మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఆ రికార్డులు నిజంగానే బాగున్నాయి, అందుకే మెచ్చుకున్నారు. డబ్బు తీసుకున్నది మాత్రం వేరే మాట చెప్పి.

సరే, మావాడి సంగతికి వస్తాను. అసలు దెబ్బ ఇక్కడుంది.

ఆ సెట్టు మీద తన పాత పాటలేవీ బాగుండక, బాగా వినబడేవి మాత్రమే వినడం మొదలుపెట్టాడు. షోరూమ్ వాళ్లిచ్చిన డెమో పాటలు, అలాంటివే ఇంకో పది. తనకి ఆ భాష రాదు, ఆ పాటలంటే ఇష్టమూ లేదు. కొన్నాళ్లకి ఇంట్లో ఉన్న కేసెట్లన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. "ఏరా, అవి ఇచ్చేశావా!" అంటే, "దీని మీద వినలేకపోతున్నానురా" అన్నాడు.

అందులో ఏమున్నాయో తెలుసా? శ్రీరామనవమి పందిళ్లలో రాత్రంతా చెప్పిన హరికథలు. పెళ్లి ఊరేగింపుల్లో నాదస్వరం. స్టూడియో గడప ఎన్నడూ తొక్కని కళాకారులవి. ఆ రాత్రి టేప్‌రికార్డర్ పట్టుకుని పందిట్లో కూర్చున్నది మావాడు ఒక్కడే. ఇంకో కాపీ ఎక్కడా లేదు. కారు ధర పెట్టి కొన్న యంత్రం, కొనడానికి వీల్లేని పాటలని ఇంట్లోంచి పంపించేసింది. దీనికి నేను ఎవర్ని అడగను?

1948లో విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. పొద్దున్నే భక్తిరంజని వింటూ పెరిగిన ఇళ్లు మనవి. మీడియం వేవ్‌లో వచ్చే ఆ శబ్దంలో పైస్థాయి సగానికి పైగా రాదు, ఒకటే స్పీకరు, మధ్యలో గరగర. అయినా గమకాలు పట్టుకున్నాం, సాహిత్యం నేర్చుకున్నాం, కళ్లనీళ్లు పెట్టుకున్నాం.

పాత రికార్డింగు బాగాలేదని ఎవరైనా అంటే ముందు ఎలా ఆడించారో అడగండి. పాత గ్రామఫోన్ ప్లేటుకి లావుపాటి పిన్ను ఉండాలి. తర్వాత వచ్చిన ఎల్‌పీ రికార్డుల సన్నటి పిన్ను పెడితే అది గాడి అడుగున దుమ్ములో పాకుతుంది. ఇక కేసెట్ డెక్‌లో టేపుని చదివే హెడ్డు పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. హెడ్డు వాలు టేపుకి సరిపడకపోతే శబ్దం దుప్పటి కప్పినట్టుంటుంది. కేసెట్ మార్చినప్పుడల్లా ఆ స్క్రూని కొద్దికొద్దిగా తిప్పి సరిచూసుకుంటే పోయిందనుకున్న తాళాల మోత మళ్లీ వినబడుతుంది. దీనికి ఖర్చు ఒక స్క్రూడ్రైవర్.

కార్యదర్శి గారు చీటీ పంపారు, ముగిస్తున్నాను. అమ్మా, అయ్యా, మీ అటకల మీద కేసెట్లుంటే దయచేసి ఎవరికీ ఇచ్చేయకండి. నా దగ్గర మంచి డెక్ ఉంది, ప్రతి ఆదివారం పొద్దున్న ఇక్కడికి తెస్తాను. ఈ పిల్లల్లో ఇద్దరు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చేస్తామన్నారు. బూజు పట్టినవాటిని ఇంట్లో ఆడించి చూడొద్దు, టేపు తెగుతుంది, అలాగే తీసుకురండి. పెట్టె మీద పాడినవారి పేరు, ఊరు, ఏ సంవత్సరమో తెలిసినంతవరకు రాయండి. పేరు తెలియకపోతే ఏ పందిట్లో విన్నారో అదైనా రాయండి.